విదేశ ప్రయాణపు కార్డులు – బట్టా లెక్క

నేడు మన పల్లెల నుండి విదేశములకు పోవువారు అరుదు కాదు. జగిత్యాల, నిజామాబాదు, కరీంనగరము ప్రాంతముల నుండి దుబాయి, సౌదీ అరేబియాలకు పనికై వెళ్లుచున్నారు. హజ్ యాత్రకు పోవువారును, అమెరికా చదువులకు పిల్లలను పంపు తల్లిదండ్రులును గలరు. ఇట్టివారిలో పలువురు బయలుదేరుటకు ముందు పంచాయతీ సభ్యుని కడకు వచ్చి, కాగితములు చూపి, సలహా అడుగుట పరిపాటి. వీసా, టిక్కెట్టు విషయములు తెలిసినను, చేతి ఖర్చుకు సొమ్మును ఏ రూపమున తీసికొని పోవలెనన్నది చాలమందికి తెలియదు. అందువలన అప్పు చేసి తెచ్చిన సొమ్ములో కొంత భాగము చేతికి అందకయే కరిగిపోవుచున్నది.

బేగంబజారు నేర్పిన పాఠము

పరదేశమున ఖర్చుకు ఇచ్చట ముందుగా సొమ్ము కట్టి పోవుట మనవారికి క్రొత్త కాదు. హైదరాబాదులో మూసీనదికి ఉత్తరపు ఒడ్డున గల బేగంబజారును ఎరుగని గ్రామ వర్తకుడు తెలంగాణమున అరుదు. రెండవ ఆసఫ్ జా యగు నిజాం అలీఖాను భార్య హమ్దా బేగం వర్తకులకిచ్చిన స్థలమున ఈ బజారు వెలసినదని ప్రతీతి. ఇచ్చటి సాహుకారులు నిజాము ప్రభుత్వమునకే అప్పులిచ్చినవారు. దారిలో దొంగల భయముండుటచే రొక్కమును మూటగట్టుకొని పోవుటకు జంకువారు సాహుకారు వద్ద సొమ్ము కట్టి హుండీ తీసికొనెడివారు. దూరపు పట్టణమున ఆతని బేరస్థుని దుకాణములో ఆ కాగితము చూపి సొమ్ము పుచ్చుకొనెడివారు. చూపినంతనే చెల్లునది దర్శనీ హుండీ. గడువు మీద చెల్లునది ముద్దతీ హుండీ. పోయిన హుండీకి బదులుగా ఇచ్చు నకలునకు పైఠు అని పేరు.

ఈ సేవకు సాహుకారు తీసికొను రుసుమును హుండావన్ అనెడివారు. అది పైకి కనిపించు ఖర్చు. కనిపించని ఖర్చు మరియొకటి యుండెను. హైదరాబాదు రాజ్యమునకు వేరు నాణెము గలదు. దానిని హాలీ యనియు, ఇంగ్లీషు రూపాయిని కల్దారు అనియు మనవారు పిలిచిరి. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారులు లెక్క. అనగా నూరు కల్దారులకు 116 రూపాయల 10 అణాల 8 పైలు హాలీ ఇయ్యవలెను. మార్చునప్పుడు షరాబు ఈ లెక్కకు ఏ కొంచెము అటునిటు చెప్పినను, ఆ తేడా ఆతని బట్టాగా మిగిలెడిది. హాలీ నాణెము 1950 నుండి భారత రూపాయితోబాటు చెలామణి యై, 1959 నాటికి నిలిచిపోయెను. నాణెము పోయినను ఆ పాఠము పోలేదు. ఖర్చు రుసుములో కొంతయు, మారకపు ధరలో కొంతయు ఉండును. రెండును కలిపి చూచినవాడే మోసపోడు.

కార్డు అననేమి?

విదేశ ప్రయాణపు కార్డు, హుండీ వలెనే, ముందుగా సొమ్ము కట్టి తీసికొనునది. మన రూపాయలను డాలర్లు, దిర్హములు, రియాళ్లు వంటి నాణెములలోనికి మార్చి, ఆ మొత్తమును కార్డులో నింపి యిత్తురు. నింపిన నాటి ధరయే నిలుచును. తరువాత రూపాయి విలువ తగ్గినను నష్టము లేదు. పోయినచో వెంటనే తెలిపి నిలిపివేయించి, మారు కార్డు పొందవచ్చును. మామూలు బ్యాంకు కార్డులకు విదేశపు ఖర్చుపై తరచు నూటికి మూడున్నర వరకు అదనపు రుసుము పడును. పైగా 2020 మార్చి 16 నుండి, క్రొత్తగా ఇచ్చు బ్యాంకు కార్డు ఖాతాదారు కోరిననే గాని విదేశమున పనిచేయదు. నేపాలు, భూటానులకు ఈ ప్రయాణపు కార్డు పనికిరాదని ముక్తినాథ యాత్రికులకు చెప్పవలెను.

రుసుము దాగియుండు చోట్లు

మొదటిది, మారకపు ధర. “రుసుము ఏమియు లేదు” అని చెప్పు దుకాణమున తరచు ధరయే హెచ్చుగా నుండును. ఉదాహరణకు, ఒక చోట రుసుము లేకుండ డాలరు 92 రూపాయలనియు, మరియొక చోట డాలరు 91 రూపాయలు, రుసుము 200 అనియు అనుకొందము. 500 డాలర్లకు మొదటి చోట 46,000 రూపాయలగును. రెండవ చోట 45,500కు 200 చేర్చి 45,700 అగును. రుసుము గలదే 300 రూపాయలు చవుక. 50 డాలర్లకైనచో మొదటి చోట 4,600, రెండవ చోట 4,750. ఇపుడు రుసుము లేనిదే చవుక. కనుక ఏది మేలన్నది తీసికొను మొత్తమును బట్టి యుండును.

రెండవది, నాణెపు మార్పిడి. డాలర్లు నింపిన కార్డుతో దుబాయిలో దిర్హములలో ఖర్చు పెట్టినచో, మరల మార్పిడి జరిగి నూటికి మూడున్నర వరకు పోవచ్చును. దిర్హము 1997 నుండి డాలరుకు 3.6725 చొప్పున స్థిరముగా నున్నది. సౌదీ రియాలు డాలరుకు 3.75. ధర కదలకపోయినను ఈ రుసుము తప్పదు. 500 డాలర్ల ఖర్చుపై పదిహేడున్నర డాలర్లు, పై లెక్కన సుమారు 1,590 రూపాయలు నష్టము. ఏ దేశమునకు పోవుచున్నారో ఆ దేశపు నాణెమునే నింపించుకొనుట మేలు.

మూడవది, యంత్రము నుండి రొక్కము తీయుట. తీసిన ప్రతిసారి సుమారు రెండు డాలర్ల రుసుము పడుట వాడుక. ఇరువది డాలర్ల చొప్పున అయిదుసార్లు తీసినచో పది డాలర్లు పోవును. నూరు డాలర్లు ఒకేసారి తీసినచో రెండే.

నాలుగవది, అచ్చటి దుకాణదారు “రూపాయలలో చెల్లింతురా?” అని అడుగుట. ఇది మర్యాదగా తోచును గాని, అందు ధర ఆతని పక్షపు వారు నిర్ణయించునదే. స్థానిక నాణెములోనే చెల్లించెదమని చెప్పవలెను.

అయిదవది, మిగిలిన సొమ్ము. తిరిగి రూపాయలుగా మార్చునప్పుడు కొనుగోలు ధర తక్కువగా నుండును. వాడక విడిచిన కార్డుపై కొన్ని సంస్థలు రుసుము వేయును. కావున అవసరమునకు మించి నింపరాదు. పనికి పోవువాడు మొదటి జీతము అందువరకు సరిపోవునంత నింపిన చాలును.

చట్టము చెప్పునది

రిజర్వు బ్యాంకు అనుమతి గల బ్యాంకులు, మారకపు వర్తకుల వద్దనే కార్డు తీసికొనవలెను. మారకపు వర్తకుడు తన అనుమతి పత్రమును దుకాణములో కనబడునట్లు ఉంచవలెను. కట్టు సొమ్ము 50,000 రూపాయలకు మించినచో రొక్కముగా గాక బ్యాంకు ద్వారా చెల్లించవలెను. విదేశీ నోట్లు సాధారణముగా ఒక ప్రయాణమునకు 3,000 డాలర్ల విలువ వరకే ఇత్తురు. హజ్ యాత్రికులకును, కొన్ని దేశములకును వేరు నిబంధనలు గలవు. తిరిగి వచ్చిన 180 దినములలో మిగిలిన విదేశీ మారకమును అప్పగించవలెను. 2,000 డాలర్ల వరకు ఉంచుకొనవచ్చును.

ఇచట సొమ్ము కట్టి, మాట మీద అచట పుచ్చుకొను పద్ధతి ఆ కాలమున సాహుకారుల పరువుపై నడచెను. నేడు అనుమతి లేని హవాలా 1999 నాటి విదేశీ మారక నిర్వహణ చట్టమునకు విరుద్ధము. సొమ్ము పోయినను ఫిర్యాదు చేయుటకు రశీదు సైతము ఉండదు.

సభ్యులు చేయదగినది

సలహాకై వచ్చినవారిని ఒకే దినమున రెండు మూడు చోట్ల ఒకే ప్రశ్న వేయుమని చెప్పవలెను: “నా కార్డులో వేయి దిర్హములు పడుటకు రుసుములు, పన్నులు అన్నియు కలిపి నేను ఎన్ని రూపాయలు ఇయ్యవలెను?” ఈ ఒక్క అంకెను కాగితముపై వ్రాయించి పోల్చినచో ధరలోని తేడా దాగదు. తరువాత రొక్కము తీయు రుసుము, నాణెపు మార్పిడి రుసుము, మారు కార్డు రుసుము అడిగి దాని ప్రక్కనే వ్రాసికొనవలెను. రశీదును ఇంటివద్ద ఒక ప్రతి ఉంచవలెను. కార్డు పోయినచో తెలుపవలసిన ఫోను నంబరును కార్డుతో గాక వేరుగా వ్రాసి పెట్టుకొనవలెను.

పొలము కుదువ పెట్టి కొడుకును పంపు తండ్రికి వేయి రూపాయలు చిన్న మొత్తము కాదు. సభ్యుడు అరగంట కూర్చుండి ఈ లెక్క చూచి పెట్టినచో, ఆ కుటుంబమునకు అది నిజమైన సహాయము కాగలదు.