నేల మీద గిర్రున తిరిగే విమానం

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉంటున్నాయి. ఝపటాపూర్ వాసులకు రైలు కూత ఎంత అలవాటో, దగ్గర్లోని కలైకుండా వైమానిక స్థావరం విమానాల మోత కూడా అంతే అలవాటు. 1944లో ఈ చుట్టుపక్కల రన్‌వేల నుంచి అమెరికా బి-29 బాంబర్లు ఎగిరేవి. వాటికి ముక్కు కింద చక్రాలు ఉండేవి. అదే కాలంలో తూర్పు భారతం నుంచి హిమాలయాల మీదుగా చైనాకు సరుకు మోసిన డకోటాలకు మాత్రం తోక కింద చక్రం ఉండేది. చూడటానికి చిన్న తేడాయే. కానీ నేల మీద పరుగెత్తేటప్పుడు ఈ రెండు రకాల విమానాల స్వభావం పూర్తిగా వేరు.

సూపర్‌మార్కెట్‌లో సరుకుల బండిని గమనించండి. దాని ముందు చక్రాలు ఎటైనా తిరుగుతాయి, వెనుక చక్రాలు తిరగవు. బరువు వేసి ముందుకు తోసి వదిలితే నేరుగా పోతుంది. అదే బండిని వెనక్కి గట్టిగా తోసి వదలండి. కొద్ది దూరం పోగానే పక్కకు తిరిగి, గిర్రున మళ్లిపోతుంది. తిరగని చక్రాలు ముందుండి, బరువు వాటి వెనుక ఉండటమే కారణం.

తోకచక్రం విమానం సరిగ్గా ఇలాంటిదే. దాని గరిమనాభి ప్రధాన చక్రాలకు వెనుక ఉంటుంది. ముక్కు కాస్త ఎడమకు తిరిగిందనుకుందాం. చక్రాలు ఎడమకు లాగుతుంటే, వెనుకనున్న బరువు జడత్వం వల్ల పాత దిశలోనే పోవాలని చూస్తుంది. దాంతో తోక కుడివైపుకు ఇంకా జరుగుతుంది, మలుపు ఇంకా బిగుస్తుంది. ముక్కుచక్రం విమానంలో గరిమనాభి ప్రధాన చక్రాలకు ముందు ఉంటుంది కాబట్టి అదే జడత్వం మలుపును సరిచేస్తుంది. వేగం రెట్టింపైతే, అదే వంపులో పక్కకు నెట్టే బలం నాలుగు రెట్లవుతుంది. ఒక దశ దాటాక పైలట్ ఏం చేసినా ఆగదు. బయటి వైపు రెక్క నేలను గీరుతుంది, చక్రపు కాలు వంగిపోతుంది. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు.

పక్కగాలి ఉంటే కష్టం ఎక్కువ. నిలువు తోక మీద గాలి తోస్తే ముక్కు గాలికి ఎదురు తిరుగుతుంది. అన్నిటికన్నా గడ్డు సమయం నేలను తాకిన క్షణం కాదు, ఆ తరువాత వేగం తగ్గుతున్నప్పుడు. అప్పటికి చుక్కానికి తగినంత గాలి అందదు, తోకచక్రం మీద ఇంకా పూర్తి బరువు పడి ఉండదు. దిగేశాం కదా అని పైలట్ ఊపిరి పీల్చుకునేది కూడా అప్పుడే!

మరి ఇలాంటి విమానాలు ఎందుకు చేశారు? తోకచక్రం తేలిక, నిర్మాణం సులువు. ముక్కు ఎత్తుగా ఉండటం వల్ల ప్రొపెల్లర్‌కు రాళ్లు తగలవు. పాతకాలపు పచ్చిక మైదానాల్లో గాలికి ఎదురుగా ఎటైనా దిగవచ్చు, చక్రాలు గడ్డి మీద కాస్త జారేవి కూడా. ఒకే దిశలో వేసిన కాంక్రీటు రన్‌వే మీద చక్రాలు గట్టిగా పట్టుకుంటాయి, జారే వెసులుబాటు తక్కువ.

అందుకే పైలట్ పాదాలు విమానం ఆగే దాకా పెడల్స్ మీద కదులుతూనే ఉండాలి. ముక్కు కదలిక మొదలవగానే చిన్నగా సరిచేసి, వెంటనే పెడల్‌ను వదలాలి. ఆలస్యంగా గట్టిగా తొక్కితే విమానం రెండో వైపుకు ఊగుతుంది. కంట్రోల్ కర్రను వెనక్కి లాగి పట్టుకుంటే తోక నేలను అంటిపెట్టుకుంటుంది. గాలి వచ్చే వైపుకు కర్రను వంచితే ఆ రెక్క లేవదు.

1951లో తొలిసారి ఎగిరిన మన హెచ్‌టీ-2 శిక్షణ విమానానికి, 1958 నాటి పుష్పక్‌కు తోకచక్రమే. మన వైమానిక దళ పైలట్లు ఎందరో తొలి పాఠాలు హెచ్‌టీ-2 మీదే నేర్చుకున్నారు. దాని తరువాత వచ్చిన హెచ్‌పీటీ-32లో చక్రం ముక్కు కిందికి మారింది. ముక్కుచక్రంతో శిక్షణ పొందినవారు నేడు పాత విమానం నడపాలంటే, ఆ పాదాల పనిని మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సిందే.