వార్తల్లో పదం: 21 సెంటీమీటర్ల రేఖ

విశ్వంలో అన్నిటికన్నా ఎక్కువగా ఉన్న మూలకం హైడ్రోజన్. దాని పరమాణువులో ఎలక్ట్రాన్ స్పిన్ దిశ తిరగబడినప్పుడు 21 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యమున్న రేడియో తరంగం వెలువడుతుంది. 1944లో డచ్ శాస్త్రవేత్త వాన్ డి హుల్స్ట్ దీన్ని ఊహించారు. 1951లో అమెరికాలోని హార్వర్డ్‌లో యూవెన్, పర్సెల్ పట్టుకున్నారు.

కాంతిని అడ్డుకునే ధూళి మేఘాలు దీన్ని ఆపలేవు. పాలపుంత సర్పిలాకృతిని గుర్తించడానికి ఇదే తోడ్పడింది.

విశ్వం వ్యాకోచించే కొద్దీ ఈ తరంగమూ సాగుతుంది. ఎంత సాగిందో చూసి దూరాన్ని లెక్కగడతారు. పుణె జిల్లా ఖోడద్ వద్ద, ఒక్కోటి 45 మీటర్ల వ్యాసమున్న 30 డిష్‌ల జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోప్, ఒక సుదూర గెలాక్సీ నుంచి వస్తూ అలా 48 సెంటీమీటర్లకు సాగిన సంకేతాన్ని పసిగట్టినట్లు 2023లో వెల్లడైంది. దాని ప్రయాణం సుమారు 880 కోట్ల ఏళ్లు! దారిలోని మరో గెలాక్సీ గురుత్వం భూతద్దంలా పనిచేయడంతోనే అది మనకు అందింది.