రంపం మిషన్ దగ్గర వేళ్లు కాపాడుకోవడం ఎలా?

మన నెల్లూరు జిల్లాలో చెక్కపని మీద ఆధారపడిన కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఉదయగిరిలో చుట్టుపక్కల కొండల చెక్కతో చెక్కే గరిటెలకు, చెంచాలకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఆ పనిలో ముస్లిం కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. తీరం వెంబడి ఊళ్లలో తలుపులు, కిటికీలు, మంచాలు చేసేవారు, పడవలు బాగుచేసేవారు ఉన్నారు. వీరందరికీ ఆస్తి అంటే చేతులే. ఒకప్పుడు చేతి రంపంతో సాగిన కోత ఇప్పుడు ఎక్కువగా బల్లకు బిగించిన మోటారు రంపం మీద సాగుతోంది. పని త్వరగా అవుతుంది, ప్రమాదం కూడా అంత త్వరగానే జరుగుతుంది.

ఎంత త్వరగానో చిన్న లెక్క వేసి చూద్దాం. పది అంగుళాల బ్లేడు నిమిషానికి 4,000 సార్లు తిరిగితే దాని అంచు వేగం గంటకు సుమారు 190 కిలోమీటర్లు. ప్రమాదాన్ని గుర్తించి మనిషి చేయి వెనక్కి తీసుకోవడానికి సెకనులో అయిదో వంతు పడుతుందనుకుందాం. ఆలోగా బ్లేడు పదమూడు చుట్లు తిరిగేస్తుంది. అందుకే "నాకు ముప్పై ఏళ్ల అనుభవం ఉంది" అన్న మాట ఇక్కడ రక్ష కాదు. అనుభవం పొరపాట్లను తగ్గిస్తుందే గాని బ్లేడు కన్నా వేగంగా చేతిని కదిలించలేదు.

అమెరికాలో ఇలా బ్లేడు తగిలి ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు వచ్చేవారు ఏటా దాదాపు 30 వేల మంది అని అక్కడి ప్రభుత్వ భద్రతా సంస్థ అంచనా. అక్కడి స్టీఫెన్ గాస్ అనే వ్యక్తి భౌతికశాస్త్రం చదివి, పేటెంట్ న్యాయవాదిగా పనిచేస్తూ, 1999లో ఒక ఉపాయం ఆలోచించాడు. బ్లేడులో అతి స్వల్పమైన విద్యుత్ సంకేతం పంపుతారు. ఎండిన చెక్కకు విద్యుత్తును గ్రహించే గుణం తక్కువ. మన శరీరానికి ఎక్కువ. వేలు తగలగానే ఆ సంకేతం మారుతుంది. వెంటనే ఒక స్ప్రింగు అల్యూమినియం దిమ్మెను బ్లేడు పళ్లలోకి నెడుతుంది. సెకనులో రెండు వందలవ వంతు కాలంలో బ్లేడు ఆగిపోయి బల్ల కిందికి దిగిపోతుంది. అంటే ఒక చుట్టులో మూడో వంతు మాత్రమే తిరుగుతుంది. వేలు తెగవలసిన చోట చిన్న గీరుతో బయటపడతారు. ఆయన మొదట మాంసపు సాసేజ్‌తో, తర్వాత తన సొంత వేలితో పరీక్షించి చూపాడు. 'సాస్టాప్' పేరుతో ఈ యంత్రాలు 2004 నుంచి అమ్మకానికి వచ్చాయి.

అయితే దీనికి పరిమితులున్నాయి. ఒకసారి పనిచేస్తే ఆ దిమ్మె, బ్లేడు రెండూ మార్చాలి. బాగా తడిసిన చెక్క తగిలినా వేలు తగిలిందనుకొని ఆగిపోవచ్చు. మన తీరపు గాలిలో, వానల్లో తడిసిన చెక్కతో ఈ చిక్కు ఉంటుంది. ధర కూడా మన చిన్న దుకాణాలకు అందేది కాదు. కనుక తక్కువ ఖర్చులో అయ్యే రక్షణలు ముందు చూడాలి.

మొదటిది, బ్లేడు మీద కప్పు. రెండోది, బ్లేడు వెనక నిలిచే సన్నని ఇనుప పలక. కోసిన చీలిక మూసుకొని బ్లేడును పట్టేస్తే చెక్క ఎగిరి మనిషి మీదికి వస్తుంది, చేయి బ్లేడు వైపు జారుతుంది. ఈ పలక దాన్ని అడ్డుకుంటుంది. మూడోది, చెక్కను నెట్టే కర్ర. గరిటెల వంటి చిన్న ముక్కలు కోసేటప్పుడు వేళ్లు బ్లేడుకు దగ్గరవుతాయి కాబట్టి ఇది తప్పనిసరి. దీన్ని ఏ వడ్రంగి అయినా పనికిరాని చెక్కతో చేసుకోవచ్చు. నాలుగోది, కరెంటు పోయి తిరిగి వచ్చినప్పుడు మిషన్ తనంతట తాను తిరగకుండా ఆపే స్విచ్చి. చేతి తొడుగులు, వదులు చొక్కా చేతులు, వేలాడే కండువాలు మాత్రం వద్దు. బ్లేడు వాటితోపాటు చేతినీ లాగుతుంది.

ఇంత జాగ్రత్త పడినా వేలు తెగితే, గాయం మీద శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి చేయి పైకెత్తి ఉంచాలి. తెగిన వేలిని తడి చేసి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో పెట్టి మూతి కట్టి, ఆ కవరును ఐసులో ఉంచాలి. వేలిని నేరుగా ఐసులోగాని నీళ్లలోగాని వేయకూడదు. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి చేరితే అతికించే అవకాశం ఉంటుంది.

2025 వరకు అమల్లో ఉన్న ఉద్యోగుల పరిహార చట్టం పట్టికలో బొటనవేలు పోతే సంపాదన శక్తిలో 30 శాతం నష్టంగా లెక్కగట్టారు. కాని ఒంటరిగా పని చేసుకునే వడ్రంగికి పరిహారం ఇచ్చే యజమాని ఎవరు? బడి మానేసి సహాయకుడిగా చేరిన పిల్లవాడి సంగతి ఇంకా కష్టం. 2016లో సవరించిన చట్టం ప్రకారం పద్నాలుగేళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టకూడదు, పద్దెనిమిది నిండనివారిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. అలాంటి పిల్లవాణ్ణి రంపం ముందు చూస్తే దయచేసి మాట్లాడండి.

దాతలకు నా మనవి ఒక్కటే. ఉపాధి కోసం ఎవరికైనా రంపం మిషన్ కొనిస్తుంటే కప్పు, వెనక పలక, స్విచ్చి, నెట్టే కర్ర ఉన్నాయో లేవో అడిగి, లేనివి కూడా కలిపి ఇప్పించండి. ఇచ్చిన నెల తర్వాత ఒకసారి వెళ్లి, ఆ కప్పు మిషన్ మీద ఉందో, మూలన పడి ఉందో చూసి రండి.