నకలులో మారిన ఒక్క అక్షరం

బిడ్డ పుట్టగానే ముక్కు తాతగారిదనీ, నవ్వు మేనత్తదనీ పెద్దలు పోలికలు పంచుకుంటారు. ఆ పోలికలన్నీ వ్రాసియున్న దస్తావేజునే శాస్త్రజ్ఞులు జీనోమ్ అంటారు. తల్లి నుండి ఒక నకలు, తండ్రి నుండి ఒక నకలు. ఒక్కొక్కదానిలో సుమారు 300 కోట్ల అక్షరాలు.

కచేరీ కాగితాలతో కాలక్షేపం చేసే మాబోటివారికి ఈ సంగతి సులువుగా బోధపడుతుంది. నకలుకు నకలు వ్రాస్తూపోతే ఎక్కడో ఒక అక్షరం మారక తప్పదు. తల్లిదండ్రులలో లేని కొత్త మార్పులు ప్రతి శిశువులోనూ కొన్ని పదులుంటాయి. చాలావాటివల్ల లాభమూ లేదు, నష్టమూ లేదు. కొన్ని మాత్రం తరతరాలు నిలిచిపోతాయి.

ఇందుకు దృష్టాంతం మన భద్రావతికి దూరాన లేదు. చంద్రపురం, గడ్చిరోలీ జిల్లాల్లోనూ, సరిహద్దుకు ఆవల ఆదిలాబాదు సీమలోనూ కనిపించే సికిల్ సెల్ వ్యాధి ఇటువంటిదే. రక్తానికి ఎరుపునిచ్చే హిమోగ్లోబిన్‌కు సంబంధించిన జన్యువులో ఒక్క అక్షరం మారినది. రెండు నకళ్ళలోనూ ఆ మార్పే ఉన్నవారికి ఎర్రకణాలు కొడవలివలె వంగి, సన్నని రక్తనాళాల్లో అడ్డుపడతాయి. రక్తహీనత, భరింపరాని నొప్పులు కలుగుతాయి.

మరి ఇంత చెడ్డ మార్పు ఎందుకు నశించలేదు? 1954లో ఆంటొనీ ఆలిసన్ అనే వైద్యుడు తూర్పు ఆఫ్రికాలో దీనికి జవాబు కనుగొన్నాడు. ఒక్క నకలులోనే మార్పున్న పిల్లలకు ప్రాణాంతకమైన మలేరియా నుండి కొంత రక్షణ ఉన్నది. దోమలున్న అడవి సీమల్లో అట్టి పిల్లలు ఎక్కువగా బ్రతికి బట్టకట్టారు. వారితోపాటు ఆ అక్షరమూ నిలిచినది. కాబట్టి ఇది ఏ కులానికీ, ఏ తెగకూ కళంకం కాదు.

ఒక్క నకలులో మార్పున్నవారు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు. అట్టివారిద్దరు దంపతులైతే మాత్రం ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మేనరికాలలో ఇద్దరికీ ఒకే తాత నుండి ఆ అక్షరం సంక్రమించవచ్చును గనుక మరింత జాగ్రత్త అవసరం.

ఈ వ్యాధి నిర్మూలనకు భారత ప్రభుత్వం 2023లో జాతీయ కార్యక్రమం ప్రారంభించినది. పరీక్షకు కావలసినది కొద్దిపాటి రక్తమే. జాతకాలు చూపించుకునే మనము రక్తం కూడ చూపించుకుంటే తప్పేమి? వధూవరులలో ఒకరికే ఆ గుణమున్నదని తేలితే వారి బిడ్డలకు ఈ వ్యాధి రాదు. ఆ మాట తెలియక, కుదిరిన సంబంధం చెడగొట్టి, ఒక ఆడపిల్లను కన్నీరు పెట్టించవద్దని పాఠకులకు మా మనవి.