పరిశోధనకు దారి చూపేది అధ్యాపకులే

విశాఖపట్నం: ఓడరేవు, ఉక్కు కర్మాగారం, నౌకా నిర్మాణ కేంద్రం కొలువైన విశాఖలో పరిశోధనా సంస్థలకూ కొదవ లేదు. నౌకాదళ అవసరాల కోసం 1969లో ఎన్‌ఎస్‌టీఎల్ ఏర్పడింది. లాసన్స్‌బే కాలనీలో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం, పాండురంగాపురంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉన్నాయి. అయినా అనేక డిగ్రీ, ఇంజినీరింగు కళాశాలల విద్యార్థులకు ఈ సంస్థల ప్రహరీ గోడలు బస్సు కిటికీలోంచి కనిపించడమే తప్ప లోపలికి వెళ్లే అవకాశం దక్కడం లేదు. ఇందుకు ప్రతిభ కొరవడటం కారణం కాదు. ఫలానా శాస్త్రవేత్తకు ఉత్తరం రాయమని చెప్పి, తానూ ఒక సిఫారసు జతచేసే అధ్యాపకుడు లేకపోవడమే అసలు లోటు.

అటువంటి అధ్యాపకులు ఉంటే ఏమి సాధ్యమో ఈ నగరానికి కొత్తగా చెప్పనక్కరలేదు.

వాల్తేరు నుంచి నడిసముద్రానికి

కలకత్తాలో సి.వి.రామన్ వద్ద పరిశోధన చేసిన సి.మహదేవన్ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్ర ఆచార్యులుగా ఉండేవారు. 1952లో అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఫుల్‌బ్రైట్ ఆచార్యునిగా వాల్తేరుకు వచ్చారు. విశ్వవిద్యాలయానికి అప్పట్లో సొంత పరిశోధన నౌక లేదు. భారత నౌకాదళం తన నౌకలను ఇచ్చి తోడ్పడింది. విద్యార్థులు వాటిపై బంగాళాఖాతంలోకి వెళ్లి, లోతును బట్టి నీటి ఉష్ణోగ్రత ఎలా మారుతుందో బాతీథర్మోగ్రాఫ్ అనే పరికరంతో కొలిచారు. నీటి నమూనాలు, అడుగు మట్టి సేకరించారు.

వేసవి ఆరంభంలో తీరం వెంబడి నైరుతి నుంచి వీచే గాలులు పైనీటిని ఒడ్డు నుంచి దూరంగా నెడతాయి. ఆ ఖాళీలోకి అడుగునుంచి చల్లని, పోషకాలు నిండిన నీరు ఉబికి వస్తుంది. చేపల మేతకు మూలమైన ఈ పరిణామాన్ని మన తీరంలో అంకెలతో నమోదు చేసినది ఆ బృందమే. ఆ తొలి సంవత్సరాల్లో ఇక్కడ ఇదే అంశంపై కృషి చేసిన వి.వి.ఆర్.వరదాచారి తదనంతర కాలంలో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు డైరెక్టరయ్యారు. తూర్పు తీరానికి ఆవల సముద్రగర్భంలో కనిపించిన మూడు లోయలకు లాఫాండ్ 1964 నాటి పత్రంలో ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టారు. ఒక అధ్యాపకుని పేరు సముద్రపు అడుగున నిలవడం అరుదైన గౌరవమే.

వేసవి ఫెలోషిప్

నేడు ఇటువంటి అనుభవానికి ఫుల్‌బ్రైట్ ఆచార్యుడు రావలసిన అవసరం లేదు. దేశంలోని మూడు విజ్ఞాన అకాడమీలు కలిసి ఏటా వేసవి పరిశోధన ఫెలోషిప్‌లు ఇస్తున్నాయి. ఎంపికైన విద్యార్థి రెండు నెలలపాటు ఒక శాస్త్రవేత్త వద్ద పనిచేస్తాడు, భృతి కూడా లభిస్తుంది. దరఖాస్తుకు మార్కుల వివరాలతోపాటు తాను చేయదలచిన పనిపై చిన్న వ్యాసం, అధ్యాపకుని సిఫారసు లేఖ జతచేయాలి.

చిక్కంతా ఈ లేఖ దగ్గరే వస్తోంది. 'క్రమశిక్షణ గలవాడు, మంచి నడవడిక' అని అందరికీ ఒకే మూసలో రాసిన లేఖను ఎంపిక చేసేవారు పట్టించుకోరు. ఈ విద్యార్థిని ప్రయోగశాలలో ఏ కొలత తప్పిందో తానే కనిపెట్టింది, ఫలానా పాఠం తరువాత ఇటువంటి ప్రశ్న అడిగింది అని రాయగలిగితేనే దానికి విలువ. అలా రాయాలంటే అధ్యాపకుడు ఆ విద్యార్థిని ఏడాదిపాటు గమనించి ఉండాలి. వందల మందికి ప్రాక్టికల్స్ చేయించే ఒప్పంద అధ్యాపకుని నుంచి దీన్ని ఆశించడం అంత సులభం కాదన్నదీ నిజమే.

ఇంజినీరింగు చివరి సంవత్సరంలో మరో బెడద ఉంది. ప్రాజెక్టులను డబ్బులిచ్చి కొనుక్కునే అలవాటు బాహాటంగానే సాగుతోంది. అదే విద్యార్థి ఉక్కు కర్మాగారపు స్లాగును సిమెంటులో ఎంత పాలు కలిపితే దిమ్మె బలం ఎలా మారుతుందో పరీక్షిస్తే, కళాశాల ప్రయోగశాలలోనే చెప్పుకోదగ్గ పని అవుతుంది. దిమ్మెలు 28 రోజులు నీటిలో నానాలి. కొన్న ప్రాజెక్టులో ఆ నిరీక్షణే ఉండదు.

వేసవి ఫెలోషిప్‌లకు దరఖాస్తులు సాధారణంగా నవంబరు ప్రాంతంలోనే ముగుస్తాయి. మార్చిలో పరీక్షల సమయంలో వాకబు చేసేవారికి ఆ ఏడాది అవకాశం పోయినట్లే. కాబట్టి దసరా సెలవులకు ముందే తరగతిలో ఈ మాట చెప్పాలి. ఈ ఫెలోషిప్‌కు అధ్యాపకులూ అర్హులే. ఒకసారి వెళ్లి వచ్చినవారికి అక్కడి శాస్త్రవేత్తలతో పరిచయం ఏర్పడుతుంది, మరుసటి ఏడాది తమ విద్యార్థిని ఎవరి దగ్గరకు పంపాలో తెలుస్తుంది.