వేలెడంత చాకు చాలు!

కొరియర్ వచ్చింది. అట్టపెట్టె చుట్టూ నాలుగు వరసల టేపు. కత్తెర ఎక్కడ పెట్టారో ఎవరికీ గుర్తులేదు. ముందు గోరుతో గీకుతాం, తర్వాత బండి తాళంతో పొడుస్తాం, చివరికి పళ్లకు పని చెబుతాం. హాస్టల్ గదుల్లో, పీజీల్లో, ఆఫీసు డెస్కుల దగ్గర రోజూ జరిగే తంతే ఇది. కొత్త చొక్కా ట్యాగు, నూడుల్స్‌లోని మసాలా ప్యాకెట్, వేలాడుతున్న దారం, సాయంత్రానికి దాచుకున్న జామకాయ... అన్నింటికీ కావాల్సింది చేతికందే దూరంలో, పదునుగా ఉన్న ఒక చిన్న బ్లేడు.

ఆ పని కోసమే మడత చాకు పుట్టింది. మనం పాకెట్ నైఫ్ అంటున్నది దాన్నే. కొందామని ఆన్‌లైన్‌లో వెతికితే మాత్రం బుర్ర తిరుగుతుంది. నల్లరంగు బ్లేడు, రంపం పళ్లు, పిడి మీద పుర్రె బొమ్మ, పక్కన ‘టాక్టికల్’, ‘సర్వైవల్’ అంటూ పెద్ద పెద్ద పేర్లు. ఫొటోలో అదిరిపోతాయి. కానీ జామకాయ కోసుకోవడానికి కమాండో కత్తి ఎందుకు చెప్పండి? పైగా అలాంటిది బ్యాగు తనిఖీలో బయటపడితే సమాధానం చెప్పుకోవాల్సింది మనమే. అందుకే రోజువారీ చాకుకి ఒకటే కొలమానం: ఏ భయం లేకుండా దగ్గర పెట్టుకోగలగాలి, అవసరమైనప్పుడు తెగాలి. మిగతా లెక్కలన్నీ దాని తర్వాతే.

ముందు లిస్టు, తర్వాతే కార్టు

కొనేముందు ఒక చిన్న పని చేయండి. వారం రోజులపాటు ఏమేం కోయాల్సి వచ్చిందో ఫోన్‌లో నోట్ చేసుకోండి. చాలామంది లిస్టు చూస్తే సగానికి పైగా ప్యాకెట్లు, దారాలు, ట్యాగులే ఉంటాయి. వీటికి బ్లేడు కన్నా కత్తెర నయం. అలాంటివాళ్లు బుల్లి కత్తెర కూడా ఉన్న కీచైన్ సైజు చాకు తీసుకోవాలి.

లిస్టులో పండ్లు ఎక్కువగా ఉంటే లెక్క మారుతుంది. మామిడికాయ ముక్కలు కోసి ఉప్పూకారం అద్దుకోవాలంటే మూడు నాలుగు సెంటీమీటర్ల బ్లేడు సరిపోదు. ఆరేడు సెంటీమీటర్లు ఉండాలి. పిడి కూడా నాలుగు వేళ్లకూ పట్టు దొరికేలా ఉండాలి.

ఇక లిస్టంతా పార్సిల్ పెట్టెలే అయితే అసలు చాకే అక్కర్లేదు. స్టేషనరీ షాపులో దొరికే, మొద్దుబారిన ముక్కను విరిచేసే కట్టర్ తెచ్చుకుని టేబుల్ సొరుగులో పడేయండి. డబ్బులు మిగులుతాయి.

లాక్ ఉండాలా, వద్దా?

మడత చాకుతో ఉన్న అసలు ప్రమాదం కీలు దగ్గరే. కోస్తుండగా బ్లేడు వెనక్కి మడుచుకుంటే పడేది మన వేళ్ల మీదే. కాబట్టి బ్లేడును నిలబెట్టి ఉంచేది ఏమిటో తెలుసుకోవాలి. ప్రధానంగా మూడు రకాలు కనిపిస్తాయి.

మొదటిది స్లిప్ జాయింట్. పిడి వెన్నులో ఒక స్ప్రింగ్ పట్టీ ఉంటుంది. అది బ్లేడు మొదలును నొక్కి పట్టుకుంటుంది. తెరిచేటప్పుడు, మూసేటప్పుడు ‘టక్’మని వినిపించేది దాని చప్పుడే. ఇది లాక్ కాదు, గట్టిగా తోస్తే మడుచుకుంటుంది.

రెండోది లైనర్ లాక్. పిడి లోపలున్న పల్చటి లోహపు పట్టీ, బ్లేడు పూర్తిగా తెరుచుకోగానే పక్కకు జరిగి దాని వెనక అడ్డంగా నిలబడుతుంది. పట్టు బాగుంటుంది. కానీ మూయాలంటే ఆ పట్టీని బొటనవేలితో పక్కకు నెట్టాలి. ఆ క్షణంలో వేలు బ్లేడు వచ్చే దారిలోనే ఉంటుంది. వేలు తీశాకే పూర్తిగా మూయాలన్నది అలవాటు కావాలి.

మూడోది రింగ్ లాక్. బ్లేడు మొదట్లో ఉన్న లోహపు ఉంగరాన్ని తిప్పితే బ్లేడు బిగుసుకుంటుంది. తేలిక, కళ్లకు కనిపిస్తుంది. తిప్పడం మరిచిపోతే మాత్రం లాక్ లేనట్టే.

టేపు, దారం, పండు వరకే అయితే స్లిప్ జాయింట్ నిక్షేపంగా సరిపోతుంది. ఒక్క నియమం పాటించాలి: అంచుతో కోయండి, మొనతో పొడవకండి. పొడిచినప్పుడే బ్లేడు వెనక్కి మడుచుకునేది.

చట్టం ఏమంటోంది?

మన ఆయుధ చట్టం 1959 నాటిది. దాని కింద వచ్చిన 2016 నిబంధనల ప్రకారం 9 అంగుళాల కన్నా పొడవు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు బ్లేడు ఉన్న కత్తులు ఆయుధాల జాబితాలోకి వస్తాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమలకు, శాస్త్ర ప్రయోజనాలకు తయారుచేసినవాటికి మినహాయింపు ఉంది. మనం మాట్లాడుకునే చాకు ఈ కొలతల దరిదాపుల్లోకి కూడా రాదు.

అయితే కథ అక్కడితో అయిపోలేదు. ఢిల్లీలో 1980 నాటి నోటిఫికేషన్ ఒకటుంది. బటన్, స్ప్రింగ్ లాంటి యంత్రాంగంతో తెరుచుకునే కత్తుల మీద అక్కడ ఆంక్షలున్నాయి. బ్లేడు పొడవు 7.62 సెంటీమీటర్లు, వెడల్పు 1.72 సెంటీమీటర్లు లేదా అంతకు మించితే అది వర్తిస్తుంది. ఉద్యోగాలకు ఊళ్లు మారే మనలాంటివాళ్లు దీన్నుంచి ఒక సులువైన లెక్క తీసుకోవచ్చు. బటన్ నొక్కితే ఎగిరి తెరుచుకునేవి వద్దు. చేత్తో నెమ్మదిగా తెరిచేది, ఏడు సెంటీమీటర్ల లోపు బ్లేడుది ముద్దు.

ఎయిర్‌పోర్టులో ఎంత చిన్న చాకైనా క్యాబిన్ బ్యాగులోకి కుదరదు, చెక్-ఇన్ లగేజీలో పెట్టాల్సిందే. తాళాల గుత్తికి తగిలించుకున్న చాకు సరిగ్గా స్కానర్ ముందే గుర్తొస్తుంది. తీసి డబ్బాలో పడేయడం తప్ప అప్పటికి చేసేదేమీ ఉండదు. మెట్రో స్టేషన్లు, మాల్స్, సినిమా హాళ్ల దగ్గర తనిఖీ సిబ్బంది ఆపితే ‘చిన్నదే కదా సార్’ అంటూ వాదన పెట్టుకోవడం దండగ. అటు వెళ్లే రోజు ఇంట్లో వదిలేయడమే తెలివైన పని.

చదువుకోసం బ్రిటన్ వెళ్తున్నవాళ్లకు మరో మాట. అక్కడ సరైన కారణం చూపకుండా జేబులో ఉంచుకోదగ్గది మడిచే చాకు మాత్రమే. దాని అంచు 3 అంగుళాలు మించకూడదు, బ్లేడుకు లాక్ ఉండకూడదు. ఇక్కడ భద్రత కోసం కొన్న లాకే అక్కడ కేసు తెచ్చిపెట్టొచ్చు.

అన్నిటికన్నా ముఖ్యమైనది: ఇది ఆత్మరక్షణకు పనికొచ్చే వస్తువు కాదు. గొడవలో చాకు బయటికి తీస్తే పరిస్థితి చేయి దాటిపోయినట్టే. భారతీయ న్యాయ సంహితలో మామూలుగా గాయపరిస్తే ఏడాది వరకు జైలు. అదే గాయం కోసే, పొడిచే సాధనంతో అయితే 118వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు శిక్ష. చాకు పట్టుకుని రీల్స్ చేసి స్టేషన్ మెట్లెక్కిన కుర్రాళ్ల వార్తలు చూస్తూనే ఉన్నాం కదా. పండు కోసుకునే వస్తువుకి ఆ బిల్డప్ ఎందుకు?

స్టీలు గోల ఎంతవరకు?

ఆన్‌లైన్‌లో చాకు పేరు పక్కన ఉక్కు రకం కూడా రాస్తారు. దాని గట్టిదనాన్ని రాక్‌వెల్ సి స్కేల్ మీద కొలుస్తారు. అంకె పెరిగేకొద్దీ పదును ఎక్కువ రోజులు నిలుస్తుంది. కానీ అదే ఉక్కు పెళుసుబారే అవకాశమూ పెరుగుతుంది, మళ్లీ పదును పెట్టడం కూడా కష్టమవుతుంది. ఫోన్‌లో బ్యాటరీ పెంచితే బరువు పెరిగినట్టన్నమాట. తేలికపాటి పనికి 55 నుంచి 58 మధ్య ఉన్నది హాయిగా చాలు. ఇంట్లోనే రెండు నిమిషాల్లో పదును పెట్టుకోవచ్చు.

అంకె కన్నా మనకు ముఖ్యం తుప్పు. స్టెయిన్‌లెస్ ఉక్కులో క్రోమియం కలుపుతారు. అది పైన కంటికి కనిపించని పొరలా ఏర్పడి తుప్పును ఆపుతుంది. కార్బన్ స్టీలు చక్కగా పదునెక్కుతుంది. కానీ నిమ్మకాయ, మామిడికాయ కోస్తే పులుపుకి నల్లబడుతుంది, తడిగా వదిలేస్తే తుప్పు పడుతుంది. వైజాగ్, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ఉండేవాళ్లు, తుడిచి పెట్టే ఓపిక లేనివాళ్లు స్టెయిన్‌లెస్ తీసుకోవడమే మేలు.

రెండు పాత కాపులు

వందేళ్లు దాటినా ఇప్పటికీ అమ్ముడవుతున్న రెండు చాకుల్ని చూస్తే మనకేం కావాలో తేలిగ్గా అర్థమవుతుంది.

ఒకటి స్విట్జర్లాండ్‌ది. 1884లో కార్ల్ ఎల్సెనర్ ఇబాక్‌లో మొదలుపెట్టిన కత్తుల పని 1897లో ‘ఆఫీసర్స్ నైఫ్’కి దారితీసింది. ఆయన తల్లి పేరు విక్టోరియా. తర్వాత తుప్పుపట్టని ఉక్కుని సూచించే ‘ఇనాక్స్’ కూడా చేరి విక్టోరినాక్స్ అయింది. వీళ్ల ‘క్లాసిక్ ఎస్‌డీ’ మూస్తే 58 మిల్లీమీటర్లే, బరువు 20 గ్రాముల పైచిలుకు. బ్లేడు, కత్తెర, గోళ్ల ఆకురాయి, దాని చివర స్క్రూడ్రైవర్, పట్టకారు, పన్నుపుల్ల, కీచైన్ రింగు అన్నీ అందులోనే. లాక్ లేదు. చూసినవాళ్లు భయపడరు. కత్తుల మీద ఆంక్షలు పెరుగుతున్నాయని 2024లో ఈ కంపెనీయే బ్లేడు లేని రకాన్ని తయారుచేసే ఆలోచనలో ఉన్నట్టు చెప్పిందంటే, దగ్గర పెట్టుకోగలగడం ఎంత ముఖ్యమో చూడండి.

రెండోది ఫ్రాన్స్‌ది. సవాయ్ కొండప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ 1890లో రూపొందించాడు. చెక్క పిడి, ఒక బ్లేడు, అంతే. రింగ్ లాక్ 1955లో వచ్చింది. సైజుల్ని నంబర్లతో పిలుస్తారు. 6వ నంబరు బ్లేడు సుమారు 7 సెంటీమీటర్లు. బ్లేడు పల్చన కాబట్టి పండు చీలిపోకుండా నీటుగా తెగుతుంది. చిక్కల్లా పిడి చెక్కదే. వానాకాలం తేమకి ఉబ్బి, బ్లేడు బయటికి రానని మొండికేస్తుంది. అప్పుడు పిడి చివరను టేబుల్‌కి ఒకసారి తట్టి తీయడం అక్కడివాళ్ల పాత కిటుకు.

బ్రాండు ఏదైనా ఫర్వాలేదు. ఒకటి ప్యాకెట్లకు, రెండోది పండ్లకు నమూనా అనుకోండి. మీ లిస్టుకి దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకోండి.

చేతికొచ్చాక చూడాల్సినవి

బ్లేడు తెరిచి, వెన్ను పట్టుకుని అటూ ఇటూ, పైకీ కిందకీ కదపండి. లొడలొడమంటే వెనక్కి పంపేయండి. మూసినప్పుడు మొన పూర్తిగా పిడిలోకి వెళ్లిపోవాలి. కొంచెం బయటికి పొడుచుకొచ్చినా జేబులో చెయ్యి పెట్టిన ప్రతిసారీ గుచ్చుకుంటుంది. జేబులో దానంతట అది తెరుచుకునేంత వదులుగా ఉండకూడదు, తెరవబోతే గోరు ఊడేంత బిగువుగానూ ఉండకూడదు. లాక్ ఉన్నదైతే, తెరిచి లాక్ చేశాక అంచు వైపు వేళ్లు పెట్టకుండా బ్లేడు వెన్నును చెక్కబల్లకు మెల్లగా ఆనించి నొక్కండి. లాక్ జారకూడదు.

పదును మీ చేతుల్లోనే

మొద్దుబారిన చాకే ఎక్కువ ప్రమాదం. తెగడం లేదని బలం పెడతాం, అది జారుతుంది, వేలు తెగుతుంది. సైకిల్ చక్రం మీద సానబట్టేవాళ్లు వంటింటి కత్తులకు భేష్. కానీ ఇంత చిన్న బ్లేడును తిరిగే రాయి మీద పెడితే లోహం ఎక్కువ అరిగిపోతుంది. దీనికి చిన్న సానరాయి చాలు. అది లేకపోతే పింగాణీ కప్పుని బోర్లించండి. అడుగున మెరుపు లేని గరుకు అంచు ఉంటుంది, అదే సానరాయి.

కోణం పట్టడం సులువే. బ్లేడును నిటారుగా నిలబెట్టండి, అది 90 డిగ్రీలు. సగానికి వంచితే 45. మళ్లీ సగానికి వంచితే సుమారు 22. అదే కోణంలో, బలం పెట్టకుండా, రెండు వైపులా సమానంగా పదేసి సార్లు లాగండి. తర్వాత ఒక పాత పేపరు కోసి చూడండి. చిరగకుండా జారినట్టు తెగితే అయిపోయినట్టే.

కీలులో అప్పుడప్పుడూ ఒక చుక్క కుట్టుమిషన్ నూనె వేసి, బ్లేడు మీదకు చేరిన జిడ్డును సబ్బునీళ్లతో కడిగి తుడవండి. టేపు కోసిన బ్లేడుతోనే పండు కోయబోయే ముందు కూడా అంతే. దాని మీద జిగురు ఉంటుంది మరి.

ఇవి మాత్రం చేయొద్దు

* డబ్బా మూతలు పెకలించొద్దు. ముందు విరిగేది మొనే.
* పెట్టె కోసేటప్పుడు బ్లేడు మొత్తం దించొద్దు. టేపు తెగేంత లోతు చాలు, లేకపోతే లోపలున్న కొత్త చొక్కా కూడా తెగుతుంది.
* మీ వైపుకి లాగుతూ కోయొద్దు. కోస్తున్న దారిలో రెండో చెయ్యి ఉండకూడదు.
* తెరిచిన చాకును ఎవరి చేతికీ అందించొద్దు. కత్తి చేతికివ్వకూడదు, కింద పెట్టాలని ఇంట్లో పెద్దవాళ్లు అనేదాంట్లో శకునం సంగతేమో గానీ, లాజిక్ మాత్రం ఉంది. మూసి ఇవ్వండి.
* పిల్లలున్న ఇంట్లో తాళాల గుత్తితో పాటు టీపాయ్ మీద పడేయొద్దు.

జేబులో ఉందన్న సంగతే మరిచిపోయి, టేపు కనబడగానే చెయ్యి దానంతట అదే అటు వెళ్లిందంటే మీరు సరైన చాకు కొన్నట్టే. ఎయిర్‌పోర్టుకి వెళ్లే రోజు మాత్రం మరిచిపోకండి!