నగరాన్ని చుట్టివచ్చే బాట

రెండు బిందువుల మధ్య అతి తక్కువ దూరం సరళరేఖ అని రేఖాగణితం చెబుతుంది. కాని సరకుల లారీ నడిపేవారికి తక్కువ దూరంకంటె తక్కువ కాలం, తక్కువ ఖర్చు ముఖ్యం. నగరం మధ్యగా పోయే తిన్నని దారిని విడిచి, నగరాన్ని చుట్టివచ్చే పొడవైన దారిని నిర్మించుటలోని రహస్యమంతా ఇదే. ఇట్టి దారిని బైపాసు రోడ్డు అంటారు.

నాగపూరు నుంచి బెంగుళూరుకు పోయే లారీకి హైదరాబాదులో దింపవలసిన సరకేదీ లేకపోవచ్చు. అయినా రహదారులన్నీ నగరంలోనే కలుస్తూ ఉంటే దానికి నగర ప్రవేశం తప్పదు. ఈ ఇబ్బందిని తొలగించడానికే 158 కిలోమీటర్ల పొడవున, ఎనిమిది వరుసలతో, హైదరాబాదు చుట్టూ బాహ్యవలయ రహదారిని నిర్మించారు. దీని మొదటి భాగం గచ్చిబౌలి, శంషాబాదుల మధ్య 2008లో ప్రారంభమైనది. 2018లో కండ్లకోయ వద్ద కూడలి పూర్తి కావడంతో వలయం సంపూర్ణమైనది.

దూరము, కాలము

ఈ వలయాన్ని ఒక వృత్తమని అనుకొందాము. పరిధి 158 కిలోమీటర్లయితే వ్యాసం సుమారు 50 కిలోమీటర్లు. ఒక అంచు నుంచి ఎదుటి అంచుకు వలయం వెంట పోతే 79 కిలోమీటర్లు ప్రయాణించాలి. అనగా 29 కిలోమీటర్లు అదనం. నగరంలో లారీ సగటున గంటకు 20 కిలోమీటర్లు పోగలదనుకొంటే, వ్యాసం వెంట ప్రయాణానికి రెండున్నర గంటలు పడుతుంది. వలయం మీద గంటకు 60 కిలోమీటర్ల చొప్పున పోతే ఒక గంట 19 నిమిషాలు చాలు. దూరం పెరిగినా కాలం దాదాపు సగానికి తగ్గింది.

ఆగి కదలడానికి అయ్యే ఖర్చు

కదిలే వస్తువులో గతిజశక్తి ఉంటుంది. అది ద్రవ్యరాశిని వేగపు వర్గంతో గుణించగా వచ్చినదానిలో సగం. సరకుతో కలిపి 16 టన్నుల బరువున్న లారీ సెకనుకు 10 మీటర్ల వేగంతో, అనగా గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు దాని గతిజశక్తి 8 లక్షల జౌళ్లు. కూడలి వద్ద బ్రేకు వేయగానే ఈ శక్తి వేడిగా మారి వృథా అవుతుంది. తిరిగి ఆ వేగాన్ని అందుకోవడానికి అంత శక్తినీ ఇంజను మరల సమకూర్చాలి. ఒక లీటరు డీజిలు మండితే సుమారు 360 లక్షల జౌళ్ల శక్తి వెలువడుతుంది. అందులో మూడవ వంతు మాత్రమే చలనానికి ఉపయోగపడుతుందనుకొంటే, 15 సార్లు ఆగి కదిలేసరికి ఒక లీటరు డీజిలు వ్యర్థమైనట్లే. ఆగి ఉన్నప్పుడు తిరిగే ఇంజను తాగే నూనె దీనికి అదనం.

బరువు మోసే బాట

రోడ్డుకు కలిగే నష్టం లారీ మొత్తం బరువుకంటె ఒక్కొక్క ఇరుసు మీద పడే బరువుపై ఎక్కువగా ఆధారపడుతుంది. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో 1958 నుంచి 1960 వరకు జరిగిన ప్రయోగాలవల్ల, ఈ నష్టం ఇరుసు బరువుయొక్క సుమారు నాల్గవ ఘాతాన్ని అనుసరించి పెరుగుతుందని తేలినది. అనగా బరువు రెట్టింపయితే నష్టం 16 రెట్లు! కనుక బరువు లారీలు తిరిగే బైపాసుకు లోతైన పునాది పొరలు అవసరం. నగర వీధులకు ఈ భారం తప్పడం మరొక లాభం.

వర్తకానికి మేలు

లారీ మీది అప్పుకు వడ్డీ, డ్రైవరు జీతం, భీమా - ఇవన్నీ కాలాన్నిబట్టి పెరిగే ఖర్చులు. ప్రయాణ కాలం తగ్గితే అదే లారీ నెలకు మరికొన్ని తడవలు తిరుగుతుంది. ఒక్కొక్క బస్తాపై పడే ఖర్చు తగ్గుతుంది. మామిడి, టమాటా, పాలు వంటి త్వరగా చెడిపోయే సరకులకు ఈ ఆదా మరింత విలువైనది. అంతేగాక, పెద్ద లారీలు సరకును వలయం వద్దనే దింపితే చిన్న బండ్లు దానిని నగరంలో పంచుతాయి. గడ్డిఅన్నారంలోని పండ్ల మార్కెట్టు 2022 నాటికి వలయానికి చేరువగా ఉన్న బాటసింగారానికి తరలిపోవడం ఈ మార్పుకు ఒక నిదర్శనం.

మరచిపోరాని జాగ్రత్తలు

ఈ మేలుకు మూల్యం లేకపోలేదు. రోడ్డుకోసం రైతు భూమిని కోల్పోతాడు. పాత బాట పక్కని హోటళ్లకు, మరమ్మతు షాపులకు బేరం తగ్గుతుంది. ఎత్తుగా పోసిన రోడ్డుకట్ట వాననీటికి ఆనకట్టవలె అడ్డుపడగలదు. ఒక చెరువు నుంచి మరొక చెరువుకు నీరు పారే ప్రాంతంలో తగినన్ని తూములు, వంతెనలు కట్టకపోతే ఎగువన పొలాలు మునిగి, దిగువ చెరువులు ఎండుతాయి.

మరొక చిక్కు - బైపాసు వెంట ఇళ్లు, దుకాణాలు వెలిస్తే కొంతకాలానికి అదికూడ నగర వీధిగా మారుతుంది. అందువల్లనే వలయ రహదారిపైకి నిర్ణీతమైన కూడళ్ల వద్ద మాత్రమే ప్రవేశమిచ్చి, స్థానికుల రాకపోకలకు పక్కన వేరే రోడ్లు వేశారు.

అన్నిటికంటె ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటున్నది: ఊరిలోకి వచ్చే వాహనాలలో ఊరు దాటిపోయేవి ఎన్ని? వాటికే బైపాసు ఉపయోగం. ఊరిలోనే పని ఉన్న వాహనాల రద్దీని అది తగ్గించలేదు. ఇంజనీర్లు లారీలను ఆపి, ఎక్కడి నుంచి వస్తున్నారు, ఎక్కడికి పోతున్నారు అని అడిగేది ఇందుకే. ఆ రెండు ప్రశ్నలకు వచ్చిన జవాబుల లెక్క సరిగా ఉన్నప్పుడే రైతు ఇచ్చిన భూమికి, ప్రజలు పెట్టిన ధనానికి తగిన ఫలితం దక్కుతుంది.